మాంచెస్టర్ బట్టల గిడ్డంగిని వెనక నుంచి చూడాలి

మాంచెస్టర్ వచ్చే మనవాళ్ల టూరు దాదాపు ఒకటే. ఓల్డ్ ట్రాఫర్డ్ ముందు ఒక ఫోటో, విల్మ్‌స్లో రోడ్డులో బిర్యానీ, సాయంత్రానికి రైలెక్కి వెనక్కి. పికడిల్లీ స్టేషన్ బయటికొచ్చి ఊళ్లోకి నడుస్తుంటే రెండు పక్కలా ఐదారంతస్తుల ఎర్ర ఇటుక భవనాలు, ఇసుకరాతి భవనాలు బారులు తీరి ఉంటాయి, వాటిని ఏవో పాత ఆఫీసులనుకుని దాటిపోతారు. నేనూ మూడేళ్లు అలాగే దాటిపోయాను. అవి ఆఫీసులు కావు, బట్టల గిడ్డంగులు. మన తాతల కాలంలో పల్లెటూరి కొట్లోకి వచ్చిన మల్లు గుడ్డ, లాంగ్ క్లాత్‌లో చాలా భాగం ఇలాంటి గోడల మధ్య మడతపడి, బేలు కట్టించుకుని ఓడెక్కిందే.

మా నాన్నకి నరసరావుపేటలో బట్టల కొట్టు ఉండేది. ఆయన ఇక్కడికొచ్చినప్పుడు ఏం చూపించాలో తెలియక, వానలో మ్యూజియంల చుట్టూ తిప్పి, చివరికి ఓ పాత గిడ్డంగి వెనక సందులో గొడుగు కింద నిలబెట్టాను. నేను సివిల్ ఇంజినీర్ని, ఇనప స్తంభాల గురించి లెక్చరు మొదలుపెట్టబోతుంటే ఆయన పైకి చూసి, "ఒరేయ్, ఈ కిటికీలు గుడ్డ చూసుకోవడానికి పెట్టినవిరా" అన్నారు. అప్పటిదాకా నేను చదివిన దాంట్లో ఈ మాట ఎక్కడో మూలన ఉండే ఉంటుంది, కానీ అర్థమైంది ఆ రోజే. కాబట్టి నేను చెప్పే పద్ధతి సగం ఇంజినీరుది, సగం బట్టల షాపు ఓనరుది.

పద్ధతి ఒక్కటే: ముందువైపుకి వెళ్లకండి. ముందువైపు కొనేవాడి కోసం కట్టింది, వెనకవైపు గుడ్డ కోసం కట్టింది. ముందు నుంచి మొదలుపెడితే శిల్పాలు, కమానులు, పైన బురుజులు చూసి "ఎంత బాగుందో" అనుకుని వెళ్లిపోతాం, బిల్డింగు ఎలా పనిచేసిందో ఒక్క ముక్క తెలియదు. గూగుల్ మ్యాపులో భవనం పేరు కొట్టి దాని వెనక సందు ఏదో, పక్కన కాలవ ఉందో లేదో చూసుకుని అటు నుంచి రండి.

బయల్దేరే ముందు రెండు జాగ్రత్తలు. డిసెంబరులో అయితే నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాలి. కాలవ గట్టు మీద రాళ్లు జారతాయి, చెప్పులతో వద్దు.

ముందుగా మిల్లుకీ గిడ్డంగికీ తేడా తెలుసుకుని వెళ్లండి, ఎందుకంటే పది మందిలో తొమ్మిది మంది రెండూ ఒకటే అనుకుంటారు. మిల్లు అంటే నూలు వడికేది, దానికి పెద్ద పొగ గొట్టం, పక్కన ఇంజను గది ఉంటాయి. ఊరికి ఈశాన్యాన ఆంకోట్స్‌లో ఉన్న ముర్రేస్ మిల్స్ అలాంటిది, దాని మొదటి భాగం 1798 నాటిది. గిడ్డంగిలో ఏమీ తయారవదు. చుట్టుపక్కల ఊళ్లలో నేసిన గుడ్డ, చలవ చేసో అద్దకం వేసో ఇక్కడికి వస్తుంది, చూసుకుంటారు, కొలుస్తారు, మడత పెడతారు, ముద్ర వేస్తారు, అమ్ముతారు, పంపుతారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి మాంచెస్టర్ నడిబొడ్డు మిల్లుల ఊరు కాదు, గిడ్డంగుల ఊరు. మిల్లులు అంచులకీ, చుట్టుపక్కల ఊళ్లకీ వెళ్లిపోయాయి.

అన్నట్టు, మన గిడ్డంగే తమిళంలో కిడంగు, అదే మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి గోడౌన్ అయిందని చాలామంది నిఘంటుకారుల మాట. మళ్లీ అది మన దగ్గరికే గోడౌనుగా, గోదాముగా తిరిగొచ్చింది. మాంచెస్టర్‌లో మాత్రం గోడౌన్ అంటే ఎవరికీ తెలియదు, వేర్‌హౌస్ అనాలి.

సరే, వెనక సందులో నిలబడ్డారు. ఇప్పుడు తల ఎత్తి కిటికీలు చూడండి.

మన కొట్లో చీర బేరం ఎలా సాగుతుంది? ట్యూబ్‌లైటు కింద ఎంత మెరిసినా ఆడవాళ్లు నమ్మరు. "కాస్త గుమ్మం దగ్గరికి తీసుకురండి" అని చీర కొంగు పట్టుకుని బయట వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూస్తారు, లోపల మెరూన్‌లా కనబడింది బయటికొచ్చేసరికి ఇటుక రంగు అవుతుంది. మా నాన్న అయితే కొత్త తాను రాగానే ముందు గుమ్మంలోకి తెచ్చి, రెండు చేతులతో సాగదీసి, ఎండకి అడ్డం పట్టి చూసేవారు. పోగు తెగినా, గంజి మరీ దట్టంగా పట్టించినా అక్కడే దొరికిపోతుంది. లాంకషైర్ (మాంచెస్టర్ చుట్టుపక్కల ప్రాంతం) వ్యాపారికీ ఇదే గొడవ. కరెంటు లేదు, గ్యాసు దీపం ఉంది కానీ దాని పసుపు వెలుతుర్లో రంగు తెలియదు, పైగా గుడ్డల మధ్య నిప్పు. పైన ఆకాశమా, సంవత్సరంలో సగం రోజులు మబ్బు, దానికి తోడు వందల పొగ గొట్టాలు. అందుకే వెనక గోడలో గోడ కంటే కిటికీ ఎక్కువ. కొన్నింటికి కింద నుంచి పై దాకా వరసగా అద్దాలే, మధ్యలో సన్నటి ఇటుక స్తంభాలు మాత్రం మిగిలాయి. ముందు వైపు అదే అంతస్తులో కిటికీలు ముచ్చటగా, చిన్నగా, చుట్టూ రాతి చెక్కుడుతో ఉంటాయి. రెండిటికీ ఒక్కో ఫోటో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే బిల్డింగంటే నమ్మరు.

కిటికీల తర్వాత గోడ రంగు. రెండు భవనాల మధ్య ఇరుకు సందుంటే, లేదా భవనం మధ్యలో బావిలా ఖాళీ వదిలి ఉంటే, లోపలి గోడలకి తెల్లటి నున్నటి ఇటుకలు కనిపిస్తాయి. బాత్రూం టైల్స్‌లా మెరుస్తుంటాయి, మొదటిసారి చూసినప్పుడు నేను ఇక్కడెప్పుడో స్నానాల గదులు ఉండేవనుకున్నాను! అవి వెలుతురు కోసం. పైనుంచి పడ్డ కాస్త వెలుగూ ఆ తెలుపు మీద తగిలి కింది అంతస్తు కిటికీలోకి వెళ్తుంది. మసి పట్టినా తుడిస్తే పోతుంది. ఆ తర్వాత కాళ్ల కింద చూడండి, గోడ వారన ఫుట్‌పాత్‌లో ఇనప చట్రంలో బిగించిన మందపాటి గాజు బిళ్లలు దొరకొచ్చు. జనం వాటి మీద సిగరెట్ నలిపి పోతుంటారు. వాటి కింద నేలమాళిగ ఉంది, అక్కడికి పగటి వెలుగు అందేది వాటి గుండానే.

ఇప్పుడు బరువు సంగతి. వెనక గోడలో ప్రతి అంతస్తుకీ ఒకదాని మీద ఒకటిగా తలుపులు కనిపిస్తాయి, బయట మెట్లుండవు, బాల్కనీ ఉండదు, నాలుగో అంతస్తులో తలుపు తీస్తే నేరుగా గాల్లోకే. వాటికి సరిగ్గా పైన, కప్పు దగ్గర ఒక దూలమో ఇనప చేయో బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, కప్పీ తగిలించేది దానికే. బండి వచ్చి కింద ఆగుతుంది, బేలుకి గొలుసు తగిలిస్తారు, పైకి లాగి ఏ అంతస్తుకి కావాలంటే ఆ తలుపులోంచి లోపలికి గుంజుకుంటారు. ఇప్పుడు ఈ భవనాల్లో చాలావరకు ఫ్లాట్లు అయ్యాయి కాబట్టి ఆ తలుపులకి అద్దం బిగించి, మోకాలెత్తు గ్రిల్లు పెట్టి, అద్దె ఇంకో వంద పౌండ్లు పెంచుతారు. పక్కనే బండ్లు లోపలికి వెళ్లే కమాను ఉంటే దాని అంచుల్లో, నేలకి ఆనించి, బోడిరాయి లాంటిదో ఇనప దిమ్మో ఉంటుంది. బండి చక్రం ఇరుసు గోడకి రాసుకోకుండా. మన పాత లోగిళ్ల సింహద్వారం దగ్గర కూడా రెండు పక్కలా రాళ్లు పాతేవారు గుర్తుందా, అదే.

లోపల సరుకు ప్రయాణం ఎలా ఉండేదో తెలిస్తే అంతస్తుల లెక్క తేలిపోతుంది. వెనక నుంచి వచ్చిన గుడ్డ ముందు పైకి వెళ్తుంది, ఎందుకంటే పై అంతస్తుల్లోనే వెలుతురు ఎక్కువ. అక్కడ పొడవాటి బల్లల మీద తాను పరిచి, తప్పులు చూసి, మడత పెట్టి, అంతస్తు అంతస్తుగా కిందికి దిగుతుంది. మొదటి అంతస్తులో శాంపిల్ గదులు, పెద్ద ఆఫీసు, అందుకే ముందువైపు చూస్తే ఆ అంతస్తు కిటికీలకే అలంకారం ఎక్కువ. వీధి మట్టం కంటే నాలుగు మెట్ల ఎత్తులో గుమాస్తాలు, వచ్చినవాళ్లు కూర్చునే గది. అట్టడుగున నేలమాళిగలో బేలు కట్టే ప్రెస్సులు.

ఆ ప్రెస్సుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఈ ఊళ్లో నాకు బాగా నచ్చిన విషయం అది. ఓడలో ఇలాంటి తేలిక సరుకుకి కిరాయి బరువుని బట్టి కాదు, అది ఆక్రమించే చోటుని బట్టి. గుడ్డ అంటే దూది, సగం గాలి. ఆ గాలికి బొంబాయి దాకా, మద్రాసు దాకా ఎవడు డబ్బు కడతాడు? కాబట్టి తానులని నొక్కి, నొక్కి, రాయిలా చేసి, తడి తగలకుండా తార్పాలిన్, పైన గోనె చుట్టి ఇనప పట్టీలు బిగిస్తారు. నొక్కడానికి నీటి ఒత్తిడి. మొదట్లో ఎవరి పంపు వాళ్లకి ఉండేది, 1894లో కార్పొరేషన్ వాళ్లు ఏకంగా ఊరంతా గొట్టాలు వేసి, మనకి ఇప్పుడు కరెంటు వచ్చినట్టు, ఒత్తిడి నీళ్లు సరఫరా చేయడం మొదలుపెట్టారు. చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లకి పైగా ఒత్తిడి! టౌన్ హాల్ గడియారానికి కీ ఇచ్చిందీ ఆ నీళ్లే, ఒపేరా హౌస్ తెర లేపిందీ ఆ నీళ్లే. 1972 దాకా నడిచింది. ఆ పంపింగ్ స్టేషన్లలో ఒకటి, 1909 నాటిది, ఇప్పటికీ నిలిచి ఉంది, పీపుల్స్ హిస్టరీ మ్యూజియంలో భాగమైంది. వీలుంటే చూసి రండి, అక్కడ కాఫీ కూడా దొరుకుతుంది.

ఇక భవనం దేని మీద నిలబడింది అన్నది. బయట నుంచి ఇది సగమే తెలుస్తుంది, కానీ గ్రౌండ్ ఫ్లోర్‌లో కాఫీ షాపో బారో ఉన్న గిడ్డంగి ఒకటైనా దొరుకుతుంది, లోపలికి వెళ్లి ఒక టీ చెప్పి పైకప్పు చూడండి.

దూలాలన్నీ కర్రవైతే అది పాత పద్ధతి. సన్నగా గుండ్రంగా, పైన చిన్న గంట ఆకారం ఉన్న స్తంభం అయితే పోత ఇనుము. వేళ్లతో కొడితే గుల్లగా మోగుతుంది, లోపల బోలుగా పోస్తారు కదా. ఆ స్తంభాల మీద ఇనప దూలాలు, దూలానికీ దూలానికీ మధ్య ఇటుకలతో చిన్న చిన్న విల్లుల్లా కట్టిన కప్పు కనిపిస్తే దాన్ని జాక్ ఆర్చ్ అంటారు. మన పాత రైల్వే క్వార్టర్లలో పడుకుని పైకి చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఈ ఏర్పాటు వెనక కారణం మంట. దూది, నూనె, దీపాలు, కర్ర నేల అన్నీ ఒక చోట ఉంటే ఏమవుతుందో మిల్లు ఓనర్లకి బాగా తెలిసొచ్చింది, ష్రూస్‌బరీలో 1797లో చార్లెస్ బేజ్ అనే ఆయన కర్ర లేకుండా ఇనప చట్రం మీద ఒక అవిసె నార మిల్లు కట్టాడు. ప్రపంచంలో ఇనప చట్రంతో లేచిన మొదటి భవనం అదే. ఆకాశహర్మ్యాలకి తాతమ్మ అని దాన్ని ముద్దుగా అంటారు. అయితే పోత ఇనుముకి ఒక చెడ్డ గుణం ఉంది. నొక్కితే ఎంతైనా మోస్తుంది, లాగితే పుటుక్కున విరుగుతుంది. ఎర్రగా కాలి ఉన్నప్పుడు ఫైరింజను చల్లటి నీళ్లు కొడితే పగిలిపోతుంది కూడా. "ఫైర్‌ప్రూఫ్" అని బోర్డు పెట్టుకున్న కట్టడాలే కూలిన కథలున్నాయి.

మా ఫ్రెండ్ ఒకడు ఇలాంటి ఫ్లాటులో అద్దెకున్నాడు. బెడ్‌రూం నడిమధ్యలో ఇనప స్తంభం, మంచం ఎటు జరిపినా అడ్డమే. దాన్ని తియ్యడానికి వీల్లేదు, మేకు కొట్టడానికి వీల్లేదు, రంగు మార్చాలన్నా పర్మిషన్. వాళ్ల అత్తగారు గుంటూరు నుంచి వచ్చి రెండో రోజే ఆ స్తంభానికీ కిటికీకీ మధ్య తాడు కట్టి తడి చీర ఆరేశారు. నూట ముప్పై ఏళ్ల తర్వాత ఆ స్తంభం మళ్లీ గుడ్డ మోసింది అని మావాడు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

స్తంభాలు గుండ్రంగా కాకుండా పలకగా, కాంక్రీటులోనో టైల్సులోనో దాగి, కిటికీలు మరీ వెడల్పుగా ఉంటే అది ఉక్కు చట్రం, అంటే దాదాపు 1900 తర్వాతది. ఉక్కు వచ్చాక బరువు మోసే పని గోడకి తప్పింది, గోడ తెరలాంటిది అయిపోయింది, ఎంత కావాలంటే అంత అద్దం పెట్టుకోవచ్చు.

ఇంత తెలిశాక ఇప్పుడు ఊళ్లో ఎక్కడెక్కడ చూడాలో చెప్తాను. నా దారి ఇది, మీకు కుదిరినట్టు మార్చుకోండి.

స్టేషన్ నుంచి ముందు డేల్ స్ట్రీట్ వైపు, పికడిల్లీ బేసిన్‌లో ఉన్న డేల్ స్ట్రీట్ గిడ్డంగి దగ్గరికి వెళ్లండి. 1806 నాటిది, రాతి కట్టడం, అలంకారం సున్నా. నీటి మట్టం దగ్గర కమానులు ఉంటాయి చూడండి, రోచ్‌డేల్ కాలవ మీద వచ్చిన పడవ వాటి గుండా నేరుగా భవనం కడుపులోకి వెళ్లి ఆగేది, పైనుంచి గొలుసు దించి సరుకు ఎత్తుకునేవారు. వాన పడినా గుడ్డ తడవదు, దారిలో దొంగ చెయ్యి పడదు. కాలవ కాలం పోయి రైలు కాలం వచ్చాక అదే ఆలోచన రైలుకి పెట్టారు: లివర్‌పూల్ రోడ్డులో 1830 గిడ్డంగి ఉంది, లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు మార్గంతో పాటే లేచింది, ప్రపంచంలో మొట్టమొదటి రైల్వే గిడ్డంగి అదే. ఒక వైపు పై అంతస్తు రైలు పట్టాల మట్టంలో, ఇంకో వైపు కింది అంతస్తు బండ్ల వీధి మట్టంలో. లోపల చాలావరకు కర్రే. సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం ఆవరణలో ఉంది, ఏ భాగం తెరిచి ఉందో చూసుకుని వెళ్లడం మంచిది, అది కాస్త దూరం కూడా, కాబట్టి చివర్లో పెట్టుకోండి.

తర్వాత పోర్ట్‌లాండ్ స్ట్రీట్. ఇక్కడ మాత్రం నా నియమం నేనే తప్పుతాను, ముందు నుంచే చూడండి. వాట్స్ వేర్‌హౌస్ అంటారు, ఎస్. అండ్ జె. వాట్స్ అనే హోల్‌సేల్ బట్టల కంపెనీది. ట్రావిస్ అండ్ మాంగ్నాల్ అనే ఆర్కిటెక్టులు గీశారు, 1851లో మొదలై 1856లో పూర్తయింది, ఆ రోజుల్లో లక్ష పౌండ్లు అయింది. మూడు వందల అడుగుల పొడవు, వంద అడుగుల ఎత్తు. ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి కింద నుంచి ఒక్కో అంతస్తు చూస్తూ వెళ్లండి. ఒక్కో అంతస్తుకీ ఒక్కో శైలి, ఇటాలియన్ ఒకటి, ఎలిజబెత్ రాణి కాలం ఇంగ్లీషుది ఒకటి, ఫ్రెంచి, ఫ్లెమిష్, ఆ పైన కప్పు మీద నాలుగు బురుజులు, వాటిల్లో చర్చిల్లో ఉండే రథచక్రం లాంటి గుండ్రటి కిటికీలు. మొత్తం కలిసి వెనిస్ రాజమహల్‌లా ఉంటుంది. కొంతమంది విమర్శకులకి ఇది అతిగా అనిపించింది, నాకూ కొంచెం అతే. కానీ పెళ్లి చీరల షోరూముకి అద్దాల మేడ, ముందు ఏనుగు బొమ్మలు, లోపల షాండ్లియర్లు పెట్టే మనం నవ్వకూడదు.

ఇటలీ మహల్ ఎందుకు? ఈ ఊరి వ్యాపారులు తమని ఫ్లోరెన్స్ వర్తకులతో పోల్చుకునేవారు, వాళ్లూ గుడ్డ, ఉన్ని అమ్మి మహారాజుల్లా బతికినవాళ్లే కదా. చార్లెస్ బారీ అనే ఆర్కిటెక్టు 1830ల చివర్లో అథీనియం అనే క్లబ్బుని ఆ శైలిలో ఇక్కడ కట్టాడు, ఎడ్వర్డ్ వాల్టర్స్ అనే ఇంకో ఆర్కిటెక్టు 1839లో మోస్లీ స్ట్రీట్‌లో బట్టల వ్యాపారి రిచర్డ్ కాబ్డెన్ గిడ్డంగికి అదే వాడాడు, ఇక అంతే, పాతికేళ్ల పాటు ఎవరు గిడ్డంగి కట్టినా మహలే. లాభం కూడా ఉంది: ఆ శైలిలో కిటికీలు ఒకే వరసలో, సమానంగా, ఎన్నైనా పెట్టుకోవచ్చు, గుడి గోపురాల జోలికి వెళ్తే అది కుదరదు. రైలెక్కి దూరపు ఊళ్ల నుంచి వచ్చిన షాపు ఓనరుకి గుమ్మంలోనే ధైర్యం రావాలి, ఈ కంపెనీ రేపు దివాలా తీయదు, అప్పు మీద సరుకు తీసుకోవచ్చు అని.

వాట్స్ లోపల ఇప్పుడు హోటల్, 1982 నుంచి. రిసెప్షన్‌లో ఒక మాట అడిగి మెట్లు చూడండి. ఇనప మెట్ల వరస, ఒక చివర గోడలో పాతుకుని రెండో చివర గాల్లో ఆగి, వంపు తిరుగుతూ పైకి వెళ్తుంది. ఒకప్పుడు ఒక్కో అంతస్తులో మహాగని బల్లల మీద సరుకు పరిచి ఉండేది, కొనేవాళ్లు ఎక్కుతూ, ఆగుతూ, వేలేసి చూస్తూ వెళ్లేవారు. మా నాన్న ఆ మెట్ల కింద నిలబడి కాసేపు చూసి, "మన కొట్టుకి మూడు మెట్లుంటేనే మీ తాత కొట్టించేశాడు, మెట్లెక్కి ఎవడొస్తాడ్రా అని. వీళ్లు ఆరంతస్తులు ఎక్కించి అమ్మారు" అన్నారు. గుమ్మం దగ్గర ఒక సైనికుడి కంచు విగ్రహం ఉంటుంది, చలికోటు వేసుకుని కాపలా కాస్తూ. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కంపెనీ ఉద్యోగుల కోసం చార్లెస్ సార్జెంట్ జాగర్ 1921లో చేసింది. హడావిడిలో చాలామంది దాన్ని చూడకుండానే లోపలికి వెళ్లిపోతారు.

అక్కడి నుంచి ప్రిన్సెస్ స్ట్రీట్ మీదుగా విట్‌వర్త్ స్ట్రీట్ చేరండి. ఈ వీధిలోకి రాగానే స్కేలు మారిపోతుంది. 1894లో షిప్ కెనాల్ తెరిచారు, సముద్రపు ఓడలు నేరుగా ఊళ్లోకి రావడం మొదలైంది, ఎగుమతి సరుకుని పెద్ద ఎత్తున సర్ది పంపే ప్యాకింగ్ గిడ్డంగులు లేచాయి. ఒక కంపెనీ తన కోసం కట్టుకున్నవి కావు, ఎందరో వ్యాపారులకి గదులు అద్దెకిచ్చి, కింద ప్రెస్సులు ఉమ్మడిగా పెట్టినవి. ఇండియా హౌస్ పేరు చూసి మనవాళ్లు ఫోటోకి ఆగుతారు. 1906, హ్యారీ ఫెయిర్‌హర్స్ట్ డిజైన్, లాయిడ్స్ ప్యాకింగ్ వేర్‌హౌసెస్ వాళ్లది. పక్కనే ఆయనదే లాంకాస్టర్ హౌస్, మూల మీద బురుజుతో. దగ్గర్లోనే ఏషియా హౌస్. పేర్లలోనే మార్కెట్ ఎక్కడుందో తెలిసిపోతుంది. కింద వరస గ్రానైటు, చక్రాలు తగిలినా చెక్కుచెదరదు. పైన ఎర్ర ఇటుక, మధ్యలో మీగడ రంగు టెర్రాకోట, మట్టిని అచ్చుల్లో పోసి కాల్చింది, రాయి చెక్కే ఖర్చు లేదు, మసికి రాయిలా నల్లబడదు, కడుక్కోవచ్చు. ఈ వీధిలో మాత్రం మళ్లీ వెనక్కి వెళ్లి చూడాల్సిందే. ముందు వైపు ఇంత అలంకారం, వెనక ఒట్టి అద్దం, ఇటుక. ఇవన్నీ ఇప్పుడు ఫ్లాట్లు, లోపలికి దూరే ప్రయత్నం చెయ్యకండి, ఎవరి వెనకో గేటు దాటి వెళ్తే సెక్యూరిటీ వాళ్లతో మాట పడాల్సి వస్తుంది. నేను పడ్డాను.

ఇక్కడ ఒక మాట మన వైపు నుంచి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొట్టు పెట్టింది గుడ్డ అమ్మడానికి కాదు, మన కోస్తా గుడ్డ కొనడానికి. రెండు వందల ఏళ్లు తిరిగేసరికి గుడ్డ మాంచెస్టర్ నుంచి మన వైపు రావడం మొదలైంది. దాని ముడిసరుకులో కొంత మనదే, కృష్ణా, గుంటూరు వైపు పండే ఎర్రఛాయ పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతయ్యేది, వర్తకుల జాబితాల్లో దాని పేరే కొకనాడాస్. ఈ గిడ్డంగుల పై అంతస్తుల్లో ఒక్కో తాను మీద అంటించిన రంగురంగుల టికెట్ల మీద లక్ష్మీదేవి, కృష్ణుడు, ఏనుగులు ఉండేవారు, చదువు రాని కొనుగోలుదారు బొమ్మ చూసి సరుకు గుర్తుపట్టాలని. ఇంగ్లండులో అచ్చయిన లక్ష్మీదేవి బొమ్మ మన ఇంటి పెట్టె మూతకి అంటుకుని ఉండేదన్నమాట.

ఇంకా లోతుగా వెళ్లాలనుకునేవాళ్లకి: హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్లో లిస్టెడ్ భవనాల, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల, జాబితా ఉచితంగా ఉంది, వీధి పేరు కొడితే ప్రతి భవనానికీ ఏ సంవత్సరం, ఎవరి డిజైన్, ఏ రాయి, ఎన్ని కిటికీలు అన్నది ఉంటుంది. ఆ భాష చప్పగా ఉంటుంది కానీ వీధిలో నిలబడి లైను లైనుకీ పైకి చూస్తూ చదివితే వారంలో కన్ను తయారవుతుంది. గోడ్ కంపెనీ గీసిన ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు అయితే ఇంకా మజా, ఇటుకకి గులాబీ రంగు, కర్రకి పసుపు, ఏ భవనం తొందరగా అంటుకుంటుందో ఇన్సూరెన్సు వాళ్లకి ఒక్క చూపులో తెలియడానికి. సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని పెడతారు, మామూలుగా తాళం వేసి ఉండే చోట్లు కొన్ని ఉచితంగా తెరుస్తారు, ముందుగా బుక్ చేసుకోండి.

కాళ్లు నొప్పి పుడుతుంటే ఆఖరి మజిలీ రాయల్ ఎక్స్ఛేంజ్, సెయింట్ ఆన్స్ స్క్వేర్ పక్కన. గుడ్డ గిడ్డంగుల్లో ఉండేది, బేరం ఇక్కడ జరిగేది. 1968లో వ్యాపారం ఆగిపోయింది, 1976 నుంచి థియేటర్. హాలు మధ్యలో గాజు, ఉక్కుతో ఒక పెద్ద అంతరిక్ష నౌక లాంటి నాటకశాల దించారు, దాని బరువు నేల మోయలేదని చుట్టూ ఉన్న నాలుగు పాత స్తంభాలకి వేలాడదీశారు. ఇంజినీర్లు దాని కింద నిలబడి స్తంభం నుంచి స్తంభానికి వెళ్లే ఉక్కు ట్రస్సులు చూసుకోండి. మిగతావాళ్లు తల ఇంకా పైకెత్తి గోడ మీద బోర్డు వెతకండి, ఆఖరి రోజు పత్తి ధరలు ఇంకా దాని మీదే ఉన్నాయి. మా నాన్న కళ్లజోడు మార్చుకుని ఆ అంకెలు రెండుసార్లు చదివి, పౌనులో ఎంత, బస్తాకి ఎంత అని నన్ను లెక్క కట్టమన్నారు. నాకు రాలేదు.